ఒక్క కాలే వాచింది

రెండేళ్ల కిందట సూది వేలికి దిగితే రక్తం వచ్చింది గానీ నొప్పి తెలియలేదు. నేను టైలర్‌ని, విజయనగరం జిల్లాలో చిన్న ఊరు మాది. మోచేతి దగ్గరున్న పాలిపోయిన మచ్చని గిల్లి చూసుకుంటే అక్కడా అంతే. ఆశా కార్యకర్త పీహెచ్‌సీకి తీసుకెళ్లింది. కుష్టు అన్నారు. మా ఊళ్లో 'పెద్దరోగం' అంటారు, అదీ గొంతు తగ్గించి.

మందులు ఉచితం. నెలకో అట్ట, పన్నెండు నెలలు.

నాలుగో నెలలో రియాక్షన్ మొదలైంది. జ్వరం, ముఖం మీద, తొడల మీద ఎర్రటి గడ్డలు, దుప్పటి తగిలినా ప్రాణం పోయేది. మందు పడకపోవడం కాదు, చచ్చిన క్రిముల మీద ఒళ్లు చేసే గొడవ అని డాక్టరమ్మ చెప్పారు. స్టెరాయిడ్ వేస్తే అణిగేవి, డోసు తగ్గించగానే మళ్లీ లేచేవి. చివరికి థాలిడోమైడ్ ఇచ్చారు. నిద్రమాత్రగా వచ్చి ఎందరో పిల్లల్ని అవిటివాళ్లను చేసిన మందే ఇది. 1964లో జెరూసలేంలో షెస్కిన్ అనే డాక్టరు నిద్రపట్టని కుష్టు రోగికి ఇస్తే గడ్డలు తగ్గాయట. కడుపులో బిడ్డకి ఎంత ప్రమాదమో మా ఇద్దరికీ చెప్పి, కండోమ్ తప్పనిసరి అన్నారు. మా ఆవిడ ఆ మందుల డబ్బాని ముట్టుకోవడమే మానేసింది. నాకు మాత్రం నాలుగు రోజుల్లో హాయిగా నిద్రపట్టింది.

మూడు వారాలకు ఎడమ పిక్క బరువెక్కి, బిగుసుకుంది. దగ్గర్లో ఒక క్లినిక్‌లో చూపిస్తే "రియాక్షన్‌లో కాళ్లు వాయడం మామూలే" అని పంపేశారు. నిజమే, అంతకుముందు వాచాయి, కానీ రెండూ వాచాయి. రాత్రి టేపు తీసి కొలిచాను. కుడి పిక్క పదమూడు అంగుళాలు, ఎడమది పదిహేను. ప్యాంట్లు కుట్టేవాడికి రెండంగుళాలు చిన్న తేడా కాదు.

పొద్దున్నే డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "ఆయాసం ఉందా? ఛాతీలో నొప్పి? కాలు రుద్దకండి, వెంటనే రండి" అన్నారు. అప్పటికి మా ఆవిడ మర్దనా చేద్దామని నువ్వులనూనె కాచి పెట్టింది!

డాప్లర్ స్కాన్‌లో మోకాలి వెనక సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. థాలిడోమైడ్‌కి స్టెరాయిడ్ తోడైతే ఆ ముప్పు పెరుగుతుందట. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ప్రమాదం. బిడ్డ సంగతి అంతసేపు చెప్పినవాళ్లు, కాలు సంగతి ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. ఆ మాటే అడిగాను కూడా. డాక్టరమ్మ కాదనలేదు.

థాలిడోమైడ్ ఆపేశారు. పొట్టకి ఇంజెక్షన్లు, తర్వాత రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ మాత్రలు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే ఐఎన్ఆర్ అనే లెక్క 2కీ 3కీ మధ్య ఉండాలి. కుష్టుకి నెలకోసారి మింగే ఎర్ర రిఫాంపిసిన్ క్యాప్సూళ్లు వార్ఫరిన్ బలాన్ని తగ్గించగలవని తరచుగా రక్తపరీక్షలు చేయించారు. ఆకుకూరలూ ఆ బలాన్ని తగ్గిస్తాయట, మానక్కర్లేదు గానీ ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ తినొద్దన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో తోటకూర గిన్నె కొలత మీదే. ఒంటి మీది ఎర్ర గడ్డలకి, కుష్టు మందుల్లోదే అయిన క్లోఫాజిమైన్ పెంచితే ఒళ్లు నల్లబడింది. పెళ్లిలో ఎవరో "ఎండలో తిరుగుతున్నావా" అంటే అవునన్నాను.

కుష్టు కోర్సు అయిపోయింది, ఆరు నెలలకు వార్ఫరిన్ కూడా ఆపారు. మిషన్ దగ్గర గంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తున్నాను. మొన్న ఆదివారం మళ్లీ కొలిచాను. కుడి పదమూడు, ఎడమ పదమూడున్నర.