పెట్రోలు మండుతున్న నెలల్లో రాప్టర్ అమ్మకం: నా అనుభవం

అమెరికాలో పెట్రోలు సగటు ధర 2022 మార్చిలో గ్యాలన్‌కు (సుమారు 3.8 లీటర్లు) 4 డాలర్లు దాటింది. జూన్ మధ్యకల్లా, ట్రిపుల్ ఏ (అమెరికా వాహనదారుల సంఘం) లెక్కల్లో మొట్టమొదటిసారి, 5 డాలర్లు దాటింది. ఆ రెండు నెలల మధ్య నా 2018 ఫోర్డ్ ఎఫ్-150 రాప్టర్‌ను, అంటే ఆ పికప్ ట్రక్కులో ఎక్కువ శక్తి ఉన్న రకాన్ని, అమ్మకానికి పెట్టాను. ట్విన్ టర్బో 3.5 లీటర్ల వీ6 ఇంజను, 450 హార్స్‌పవర్. ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) లెక్క ప్రకారం గ్యాలన్‌కు ఊళ్లో 15, హైవే మీద 18, కలిపి 16 మైళ్లు. ట్యాంకు 36 గ్యాలన్లది. గ్యాలన్ మూడున్నర డాలర్లున్నప్పుడు 126 డాలర్లతో నిండే ట్యాంకు, 5 డాలర్లయ్యేసరికి 180 మింగుతుంది. కొనేవాళ్లను బెదరగొట్టేది ఈ అంకె. అయితే బండి విలువ ఎంత తగ్గాలో చెప్పేది మాత్రం ఇది కాదు.

అందుకే మొదట ఏడాది ఖర్చు లెక్క వేసుకున్నాను. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే బండికి 16 మైలేజీ అంటే 750 గ్యాలన్లు. గ్యాలన్‌కు డాలరున్నర పెరిగితే ఏడాదికి 1,125 డాలర్లు అదనం. అదే ఎఫ్-150లో 2021 పవర్‌బూస్ట్ హైబ్రిడ్ 4×4 కలిపి 24 ఇస్తుంది. దానికి 500 గ్యాలన్లు చాలు కాబట్టి పెరిగే భారం 750. అంటే పెట్రోలు పెరగడం వల్ల హైబ్రిడ్‌తో పోలిస్తే రాప్టర్‌కు కొత్తగా వచ్చిపడిన నష్టం ఏడాదికి 375 డాలర్లే. కొన్నవాడు నాలుగేళ్లు నడుపుతాడనుకుంటే 1,500. పెట్రోలు ఆ నాలుగేళ్లూ 5 డాలర్ల దగ్గరే నిలబడితేనే ఆ 1,500 కూడా. డీలరు "పెట్రోలు ధర చూస్తున్నారుగా" అంటూ మూడు నాలుగు వేలు కోసినప్పుడు నేను బల్ల మీద పెట్టింది ఈ కాగితమే. పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, కోతకు అసలు కారణం పెట్రోలు కాదని ఆయనకూ నాకూ తేలిపోయింది. ఆ తర్వాత మాటలు బండి గురించే నడిచాయి.

మైలేజీ తక్కువైన కొద్దీ దెబ్బ ఎలా పెరుగుతుందో చాలామంది గమనించరు. 2021–2024 మధ్య వచ్చిన, రాప్టర్‌కు పోటీ పికప్ అయిన ర్యామ్ టీఆర్‌ఎక్స్‌లో 6.2 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ వీ8 ఉంది, 702 హార్స్‌పవర్. ఈపీఏ లెక్కలో కలిపి 12 మైళ్లు. అదే 12,000 మైళ్లకు వెయ్యి గ్యాలన్లు కావాలి. 12 నుంచి 16కు వస్తే 250 గ్యాలన్లు మిగులుతాయి. 24 నుంచి 32కు వెళ్లినా మిగిలేది 125 మాత్రమే. మైలేజీ అంకె చూసి ఇది నాలుగే తేడా, అది ఎనిమిది అనుకుంటే లెక్క తలకిందులవుతుంది. పైగా టీఆర్‌ఎక్స్‌కు కంపెనీ ప్రీమియం పెట్రోలు పొయ్యమంటుంది. 3.5 ఎకోబూస్ట్ (నా బండిలోని టర్బో ఇంజనుకు ఫోర్డ్ పెట్టిన పేరు) రాప్టర్ 87 ఆక్టేన్ మామూలు పెట్రోలుతోనూ నడుస్తుంది, ఎండాకాలంలో బరువు లాగేటప్పుడు ప్రీమియం పోస్తే మంచిది. ఈ ఒక్క వాక్యం ప్రకటనలో చేర్చాక ఫోన్లలో సగం ప్రశ్నలు తగ్గాయి. రాప్టర్ అనగానే ప్రీమియం తప్పదని జనంలో పాతుకుపోయింది మరి.

ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడతాడా అంటారు. పర్ఫార్మెన్స్ పికప్‌ల విషయంలో ఈ మాట మొదటి యజమానికే వర్తిస్తుంది. 80,000 డాలర్లు పెట్టి బండి తెచ్చుకున్నవాడికి ఏడాదికి 1,500 అదనమంటే (12 మైలేజీ బండికి వెయ్యి గ్యాలన్లు, గ్యాలన్‌కు డాలరున్నర చొప్పున) బండి ధరలో రెండు శాతం లోపే. అదే లక్ష మైళ్లు దాటిన పాత 6.2 లీటర్ల వీ8 రాప్టర్‌ను 25,000కు కొనేవాడికి ఆ 1,500 ఆరు శాతం. అతను రోజూ ఆఫీసుకు వెళ్లేదీ చాలాసార్లు ఆ బండిలోనే. అందుకే పెట్రోలు ఎగిరినప్పుడు పాతబడి, చవకబడి, మూడో చేతికి వెళ్లే బండ్లు ముందు నలుగుతాయి. అరుదైనవి దాదాపు కదలవు. 2004–2006 మధ్య వచ్చిన డాడ్జ్ ర్యామ్ ఎస్‌ఆర్‌టీ-10లో 8.3 లీటర్ల వైపర్ వీ10 ఉండేది. 2005లో కత్రినా తుపాను తర్వాత పెట్రోలు 3 డాలర్లు దాటినప్పుడు అది నిత్యం నడపడానికి తలనొప్పి. ఇప్పుడు దాన్ని వెతుక్కునేవాళ్లు మైలేజీ ఊసే ఎత్తరు. నా బండి ఈ రెండు కొసలకూ మధ్యలో ఉంది, బేరం ఎక్కువగా సాగేదీ అలాంటి వాటి మీదే.

ఇక అప్పటి మార్కెట్. చిప్‌ల కొరతతో కొత్త బండ్లు రాక సెకండ్‌హ్యాండ్ ధరలు అప్పటికే ఆకాశంలో ఉన్నాయి. టోకు ధరలను కొలిచే మ్యాన్‌హైమ్ సూచీ 2022 జనవరి ప్రాంతంలో శిఖరం తాకింది. మార్చిలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ పెంచడం మొదలుపెట్టింది. ఇన్ని కలిసి నడుస్తుంటే రాప్టర్ ధర ఒక్కదాన్నే చూసి "పెట్రోలు దెబ్బ తగిలింది", "తగల్లేదు" అనడం గుడ్డిలెక్క. నేను కొలిచింది తేడాను. అదే సంవత్సరం, దాదాపు అన్నే మైళ్లు తిరిగిన మామూలు ఎఫ్-150 లారియట్ 4×4 సూపర్‌క్రూలు ఐదు, రాప్టర్లు ఐదు ఎంచుకుని, వారానికోసారి రెండు గుంపుల మధ్య ధర తేడా రాసుకున్నాను. మార్కెట్ మొత్తం పెరిగినా తగ్గినా రెండూ కలిసే కదులుతాయి. పెట్రోలు భయం, మోజు తగ్గడం లాంటివి బయటపడేది ఈ తేడాలోనే. ధరతో పాటు ప్రకటన పెట్టి ఎన్నాళ్లయిందో కూడా రాశాను. అసలు సంగతి ఆ గడిలో దొరికింది: అడిగే ధరలు కదలకముందే అమ్ముడుపోవడానికి పట్టే రోజులు పెరిగాయి. డీలర్లు కొనే ధర అంతకంటే ముందే తగ్గింది. వాళ్ల స్టాకు అప్పు మీద నిలబడి ఉంటుంది కాబట్టి ఆలస్యమయ్యే ప్రతి రోజుకూ వడ్డీ పడుతుంది. రెండు నెలలు కదలదేమో అన్న అనుమానం చాలు, ముందే కోసేస్తారు.

ఇంకో కిటుకు. కొత్త బండ్లు చేసే కంపెనీ, గిరాకీ తగ్గితే, షిఫ్టులు తగ్గిస్తుంది, రిబేటు ఇస్తుంది. రోడ్డు మీద ఉన్న పాత బండ్ల సంఖ్యను ఎవరూ తగ్గించలేరు, అందుకే కదలాల్సింది ధరే. కానీ ఆ కదలిక శాశ్వతం కాదు. 2008 జూలైలో 4.11 డాలర్లకు చేరిన పెట్రోలు అదే డిసెంబరుకు 2 డాలర్ల కిందకు పడిపోయింది. పెరుగుదల శిఖరం మీద, వార్తల్లో హోరు నడిచే వారంలో అమ్మడం కంటే అధ్వానం ఇంకోటి లేదు. పన్ను రిఫండ్లు చేతికొచ్చే ఫిబ్రవరి–ఏప్రిల్ నెలలు పాత బండ్లకు మంచి గిరాకీ కాలం, వేసవి ప్రయాణాల పెట్రోలు పెరుగుదల దాని తర్వాతే వస్తుంది. నేను కాస్త ఆలస్యం చేశాను.

అమ్మే పనిలో మొదట తెప్పించాల్సింది అప్పు ఇచ్చిన సంస్థ నుంచి పదిరోజుల పేఆఫ్ లెటర్, అంటే పది రోజుల్లోపు అప్పు పూర్తిగా తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితం. అందులో రోజువారీ వడ్డీ ఎంతో కూడా ఉండాలి. లేకపోతే మీరు కట్టిన మొత్తానికీ వాళ్ల లెక్కకూ నలభై యాభై డాలర్లు తేడా వచ్చి, టైటిల్ (యాజమాన్య పత్రం) మీది లియన్, అంటే అప్పిచ్చినవాళ్ల హక్కు, తొలగడం వారాలు ఆగుతుంది. టైటిల్ చేతికొచ్చేదాకా ఆగమంటే ప్రైవేటుగా కొనేవాడు ఆగడు. అప్పు ఇచ్చిన సంస్థకు దగ్గర్లో బ్రాంచి ఉంటే డబ్బు, సంతకాలు అక్కడే జరిగేలా చూసుకోవడం మేలు.

తర్వాత కొటేషన్లు. పాత కార్లు కొనే కార్‌మ్యాక్స్ సంస్థ ఆఫర్ ఏడు రోజులు నిలుస్తుంది. అన్ని చోట్లా ఒకే రోజు అడగాలి. టోకు ధరలు వారంవారం మారేటప్పుడు పది రోజుల కిందటి ఆఫర్‌ను ఇవాళ్టి దానితో పోల్చి లాభం లేదు. నాకు ఒకే రోజు వచ్చిన ఆఫర్ల మధ్యే వెయ్యి డాలర్లకు పైగా తేడా ఉంది. ట్రేడ్-ఇన్‌లో, అంటే కొత్త బండి కొనే డీలరుకే పాతది, ఇస్తే చాలా రాష్ట్రాల్లో కొత్త బండి ధరలోంచి పాతదాని విలువ తీసేశాకే అమ్మకపు పన్ను వేస్తారు. టెక్సస్‌లో అది 6.25 శాతం, అంటే 50,000 డాలర్ల ట్రేడ్-ఇన్ మీద 3,125 మిగులు. ప్రైవేటు కొనుగోలుదారు అంతకంటే ఎక్కువ ఇస్తేనే శ్రమకు అర్థం. కాలిఫోర్నియాలో ఈ సదుపాయం లేదు, అక్కడ లెక్క వేరు.

పెట్రోలు పెరిగిన కాలంలో మార్పులు చేసిన బండి ఇంకా ఎక్కువ నష్టపోతుంది. పెద్ద టైర్లు, బండి ఎత్తు పెంచే లిఫ్ట్, పైకప్పు ర్యాకు చూసిన ప్రతివాడూ "దీనికి 11 కూడా రాదు" అని మనసులో లెక్క కట్టేస్తాడు. నేను 37 అంగుళాల టైర్లు విప్పి కంపెనీ సైజు 315/70ఆర్17 ఎక్కించాను, తీసినవి విడిగా అమ్మాను. 37 అంగుళాల టైర్లు వేసినప్పుడే సైజు మార్పు కంప్యూటర్‌లో ఎక్కించడం ముఖ్యం. ఎక్కించకపోతే ఓడోమీటరు ఐదారు శాతం తక్కువ చూపిస్తుంది. 40,000 మైళ్లు తిరిగిన బండి దాదాపు 37,850 చూపిస్తుందన్నమాట. ఫెడరల్ ఓడోమీటర్ ప్రకటన మీద సంతకం పెట్టేది మీరే, తెలిసి తప్పుడు అంకె రాయడం నేరం. 2011 మోడల్ నుంచి ఆ ప్రకటన 20 ఏళ్ల పాటు తప్పనిసరి. ట్యూన్ (శక్తి పెంచేలా మార్చిన ఇంజను ప్రోగ్రాము) వేసి ఉంటే కంపెనీ ప్రోగ్రాముకు మార్చి, కనీసం వందమైళ్లు నడిపాకే స్మాగ్ (పొగ కాలుష్యం) పరీక్షకు తీసుకెళ్లాలి. కంప్యూటర్‌లో లోపాల కోడ్లు చెరిపిన వెంటనే వెళితే, బండి తనను తాను పరీక్షించుకునే మానిటర్లు సిద్ధం కాక ఫెయిలవుతుంది. కాలిఫోర్నియాలో నాలుగు మోడల్ ఏళ్లు దాటిన బండికి స్మాగ్ సర్టిఫికెట్ ఇచ్చే బాధ్యత అమ్మేవాడిదే, అది 90 రోజులు చెల్లుతుంది.

డ్యాష్‌లో సగటు మైలేజీ మీటరును రీసెట్ చేసి హైవే మీద అరగంట నడిపి 19 చూపించే తెలివి పాతది. కొనేవాళ్లకూ తెలుసు, మైళ్ల అంకె పక్కనే కనబడుతుంది. దానికి బదులు పెట్రోలు పోయించిన రసీదుల లెక్క ఒక పేజీ ఇచ్చాను: నాది నిజంగా వచ్చేది 14. నిజం చెబితే మైలేజీ మీద బేరమాడటం అక్కడితో ఆగింది, కొత్తగా కోత రాలేదు.

చూడ్డానికి వచ్చేవాళ్లందరికీ పొద్దున్నే టైమిచ్చాను. 2017–2020 మధ్య 3.5 ఎకోబూస్ట్ ఇంజన్లలో క్యామ్ ఫేజర్లు (వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే భాగాలు) అరిగితే, రాత్రంతా ఆగి ఉన్న ఇంజను స్టార్టు చేయగానే రెండు మూడు క్షణాలు గరగరమంటుంది. విషయం తెలిసినవాడు బోనెట్ తాకి చూస్తాడు, వేడిగా ఉంటే ఇక మాట్లాడకుండా వెళ్లిపోతాడు. బాగుచేయించడం వేల డాలర్ల పని కాబట్టి, పెట్రోలు భయం ఉన్న నెలల్లో ఈ అనుమానం ఒక్కటి చాలు బేరం చెడడానికి. సర్వీసు చరిత్ర, వీఐఎన్ (బండి గుర్తింపు సంఖ్య) మీద పెండింగ్ రీకాల్స్, అంటే కంపెనీ ఉచితంగా సరిచేయాల్సిన లోపాలు, లేవన్న ప్రింటు చేతికిచ్చాను.

సొమ్ము ఖాతాలో పడ్డాక రాష్ట్రానికి అమ్మకం తెలియజేసే పత్రం ఆ రోజే పంపాలి, టోల్ ట్యాగు విప్పుకోవాలి, ఆ తర్వాతే బీమా ఆపాలి. ఎక్స్‌టెండెడ్ వారంటీ కొని ఉంటే వాడని కాలానికి తిరిగి డబ్బు వస్తుంది. మీరు అడిగితేనే వస్తుంది. అప్పు ఇంకా తీరకపోతే ఆ చెక్కు నేరుగా అప్పిచ్చిన సంస్థకే పోతుంది గనక, పేఆఫ్ పూర్తయిన కాగితం జతచేసి దరఖాస్తు పెట్టుకోండి.