ఇత్తడి రింగు దక్కలేదు

న్యూజెర్సీ నుంచి మూడు గంటల దారి. ఐ-80 హైవే మీద సగం దూరం లారీల వెనకే. రంగులరాట్నం కోసం ఇంత పెట్రోలా అని సణుగుతూనే ఉన్నాను. మా అబ్బాయి వినిపించుకుంటేగా!

పెన్సిల్వేనియాలో ఎలిస్‌బర్గ్ అనే చిన్న ఊరి దగ్గర, చెట్ల మధ్య ఉంది కనోబుల్స్ పార్కు. (స్పెల్లింగులో మొదటి 'కె'ని పలకాలి. నేను నోబెల్స్ అన్నందుకు మనవరాలు నవ్వింది.) 1926 నుంచి నడుస్తోంది. గేటు దగ్గర అలవాటుగా పర్సు తీశాను. అసలు టికెట్ గేటే లేదు! ప్రవేశం ఉచితం, పార్కింగూ ఉచితమే. ఎక్కే ఆటకే డబ్బులు. అంతకుముందు వారం ఒక పెద్ద పార్కులో కారు నిలిపినందుకే వదిలిన చమురు గుర్తొచ్చి కడుపు మండింది.

ఇక్కడి ఫీనిక్స్ అనే చెక్క రోలర్ కోస్టర్‌ను 1947లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో కట్టారు. అక్కడి పార్కు మూతపడ్డాక విప్పి తెచ్చి, 1985లో ఇక్కడ నిలబెట్టారు. పాతింటి దూలాలు విప్పి కొత్తింటికి వాడుకున్నట్టు. మావాడు మూడుసార్లు ఎక్కాడు. నేను కింద నిలబడి చెక్కల కిర్రుచప్పుడు విన్నాను, చాలు.

నన్ను పట్టేసింది రంగులరాట్నం. 1913 నాటిది, 63 గుర్రాలు, అన్నీ చేత్తో చెక్కినవే. బయటి వరుస గుర్రమెక్కితే, తిరుగుతూనే ఒంగి, పక్కనున్న గొట్టంలోంచి రింగు లాగాలి. అన్నీ మామూలు ఇనుప రింగులే, ఒక్కటే ఇత్తడిది. అది దొరికితే ఇంకోసారి ఉచితంగా ఎక్కొచ్చు.

మా ఊరి తిరునాళ్ళలో రాట్నాన్ని మనుషులే తోసేవాళ్ళు. పది చుట్లు తోసిన పిల్లాడికి ఒకసారి ఊరికే ఎక్కే హక్కు. పదిపైసలు లేక నేను తోసిన చుట్లకు లెక్కలేదు. ఒకసారి కాలు జారి మోకాలు చెక్కుకుపోతే, ఆ రాట్నం ఆయన తొమ్మిదే అయ్యాయని ఎక్కనివ్వలేదు. ఆ కోపం ఇప్పటికీ ఉంది!

మొదటిసారి గొట్టం అందలేదు. రెండోసారి ముందు గుర్రం మీదున్న ముసలాయన వెనక్కి తిరిగి, వేలు కొక్కెంలా వంచి చూపించాడు. అలాగే చేశాను. ఇనుపది వచ్చింది. మళ్ళీ ఇనుపదే.

"తాతయ్యా, ఇక వెళ్దామా?" అంది మనవరాలు కింద నుంచి.

"ఇంకొక్క టికెట్ తీసుకురామ్మా" అన్నాను.