రిమాండ్ ఖైదీకి కంప్యూటర్ నేర్పాలంటే

బెజవాడ గాంధీనగర్‌లో ఉన్నదైనా, గుంటూరుదైనా జిల్లా జైలే. లోపల ఎక్కువమంది రిమాండ్ వాళ్లు. 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో చార్జిషీటు పడకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, చాలామందికి అంతకన్నా ముందే వస్తుంది. అందుకని మూడు నెలల డీసీఏ (కంప్యూటర్ డిప్లొమా) సిలబస్ తీసుకెళ్తే సగం బెంచీలు ఖాళీ. ఏ రోజు పాఠం ఆ రోజే తెగాలి: గంటన్నర, ఒకే పని. నిన్న ములాఖత్‌కో వాయిదాకో పోయినవాడు కూడా ఇవాళ కూర్చోగలగాలి.

ఇంటర్నెట్ ఉండదు. వైఫై కార్డును సెట్టింగుల్లో ఆపడం కాదు, విప్పి తీసేయాలి. యూఎస్‌బీ పోర్టులన్నీ బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే మూల సెట్టింగుల్లో) ఆపేస్తే కీబోర్డు, మౌసూ కూడా చచ్చిపోతాయి. ముందువైపు పోర్టులు మాత్రమే ఆపండి, లేదా గుండ్రటి పిన్నుల పాత కీబోర్డులు వెతకండి. ఉత్తరాలు, లెక్కలు చేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్, నెట్ లేకుండా చదివించే కివిక్స్‌లో తెలుగు వికీపీడియా చాలు. లిబ్రేఆఫీస్ ఆటోరికవరీ (చేసిన పనిని దానంతటదే దాచడం) 10 నిమిషాలకు ఉంటుంది, దాన్ని 2కి మార్చండి. కరెంటు చెప్పి పోదు.

టైపింగుకు ఇన్‌స్క్రిప్టే (ఒక్కో మీటకు తెలుగు అక్షరాలు కేటాయించిన కీబోర్డు పద్ధతి) మేలు. ఇంగ్లిష్ అక్షరాలు రానివాడికి ఫొనెటిక్ (ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగు తెప్పించే పద్ధతి) ఇస్తే రెండు భాషలు ఒకేసారి నేర్పినట్టు. చిక్కల్లా ఒత్తుల దగ్గరే. ‘అమ్మ’ కొట్టమంటే మకార వత్తు మీట ఎక్కడుందని వెతుకుతారు. అలాంటి మీట లేదు. షిఫ్ట్‌తో డి కొడితే అ, సి కొడితే మ, ఉత్త డి కొడితే పొల్లు, మళ్లీ సి. పొల్లు పడగానే ‘మ్’ కనబడి తప్పు కొట్టామనుకుని చెరిపేస్తారు. ఇంకో మీట నొక్కేదాకా ఆగమని పక్కనే ఉండి చెప్పాలి. డీటీపీ షాపుల్లో అడిగే అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి) కావు, వాటి జోలికి తర్వాత వెళ్లొచ్చు.

అందరూ కదలకుండా వినే పాఠం, తమ కేసు ఎక్కడుందో చూసుకునే ఈ-కోర్ట్స్ యాప్. తెరల ప్రింట్లు గోడకు అంటించి నేర్పొచ్చు. సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఇచ్చే ప్రత్యేక సంఖ్య) 16 గళ్లు: ముందు ఏపీ, ఆపైన ఇంకో రెండు అక్షరాలు, మిగతా 12లో దాదాపు అన్నీ అంకెలే. ఆ అంకెల్లో సున్నా బదులు ‘ఓ’ కొట్టడం దాదాపు ప్రతివాడూ చేసే తప్పు. 16 గళ్ల కాగితం మీద రాయించి, నాలుగో గడి తర్వాత ఎర్ర గీత గీయిస్తే ఆ తప్పు పోతుంది.