అక్టోబర్ 12న ఏమైంది మావయ్యా?

మా అక్క కూతురు ఐదో తరగతి. వాళ్ళ స్కూల్లో పొద్దున్నే అసెంబ్లీలో రోజుకొకరు 'చరిత్రలో ఈ రోజు' చెప్పాలట, దీని వంతు అక్టోబర్ 12న పడింది. ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, "మావయ్యా, ఐదు పాయింట్లు చాలు, కష్టమైన పేర్లు వద్దు, నోరు తిరగదు" అంది. ఐదు పాయింట్లేగా, పావుగంట పని అని కూర్చున్నాను. పదకొండున్నరకి అమ్మ లేచొచ్చి లైటు తీసెయ్యమని కసిరేదాకా అక్కడే ఉన్నాను.

ఎవరు వెతికినా మొదట తగిలేది కొలంబసే. 1492 అక్టోబర్ 12, తెల్లవారుజామున రెండింటప్పుడు, పింటా అనే ఓడ మీదున్న రోడ్రిగో దె త్రియానా అనే నావికుడు నేల కనిపించిందని కేకేశాడు. నేలని ముందు చూసినవాడికి ఏటా పది వేల మరవేదీలు (అప్పటి స్పెయిన్ డబ్బు) ఇస్తామని స్పెయిన్ రాజూ రాణీ మాటిచ్చి ఉన్నారు. ఆ డబ్బు పాపం అతనికి దక్కలేదు. రాత్రే నాకు దూరంగా దీపంలాంటి వెలుగు కనబడిందని చెప్పి కొలంబసే పుచ్చుకున్నాడు. అంత పేరొచ్చినవాడికి ఈ కక్కుర్తేంటో నాకెప్పుడూ అర్థం కాదు.

అసలు తిరకాసు ఇంకోటుంది. ఆ 12 పాత జూలియన్ క్యాలెండర్ ప్రకారం 12, ఇప్పుడు మనం వాడే లెక్కలో అది అక్టోబర్ 21. పాత క్యాలెండర్ ఏడాది సూర్యుడి లెక్కకి కాస్త ఎక్కువై తేదీలు జరిగిపోతున్నాయని 1582లో పోప్ గ్రెగరీ పదమూడు పది రోజులు కొట్టేశాడు. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్, పోలండ్‌లలో ఆ ఏడు అక్టోబర్ 4న పడుకున్నవాళ్ళు లేచేసరికి 15. అంటే ఆ ఏడు ఆ దేశాల్లో అక్టోబర్ 12 అనే రోజే లేదు! నేను సంబరపడిపోయి ఇది అమ్మకి చెబితే, "అందుకే తిథులు చూసుకోమనేది. మీ తేదీలు ఎవరికి తోస్తే వాళ్ళు కొట్టేస్తారు" అని వెళ్ళి పడుకుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. 1960లో టోక్యోలో సోషలిస్టు నాయకుడు అసనుమాని వేదిక మీదే, కెమెరాల ముందే, పదిహేడేళ్ళ కుర్రాడు కత్తితో పొడిచి చంపాడు, అది పిల్లల అసెంబ్లీకి పనికిరాదని తీసేశాను. 1964లో రష్యావాళ్ళు వోస్ఖోద్ 1లో ఒకేసారి ముగ్గురిని అంతరిక్షంలోకి పంపారు. లోపల ఎంత ఇరుకంటే స్పేస్‌సూట్లకి చోటు లేక మామూలు బట్టలతోనే ఎక్కించారు. పైనుండగా వాళ్ళ దేశాధినేత క్రుశ్చేవ్ వాళ్ళతో ఫోన్లో మాట్లాడి అభినందించాడు. మర్నాడు వాళ్ళు దిగారు, ఆ మర్నాడు ఆయన పదవి దిగాడు. 1968లో మెక్సికో ఒలింపిక్స్ మొదలైంది ఈ రోజే, జ్యోతిని వెలిగించింది ఎన్రికెటా బాసిలియో, ఆ పని చేసిన మొదటి ఆడపిల్ల ఆమే. మన సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకొచ్చింది 2005 అక్టోబర్ 12నే, ఆ రోజు విజయదశమి కూడా.

1999 మాత్రం సినిమాలా ఉంటుంది. కొలంబో నుంచి కరాచీ వస్తున్న విమానంలో ముషారఫ్, కింద ఆయన్ని ఆర్మీ చీఫ్ పదవిలోంచి పీకేసిన పాకిస్తాన్ ప్రధాని నవాజ్ షరీఫ్. విమానాన్ని దిగనివ్వద్దని ఆర్డర్. ఇంధనం నిమిషాల లెక్కకి వచ్చేసరికి సైన్యం ఎయిర్‌పోర్టుని చేతుల్లోకి తీసుకుని దింపింది, రాత్రికి షరీఫ్ అరెస్టు. సరిగ్గా అదే రోజున ప్రపంచ జనాభా ఆరు వందల కోట్లకి చేరినట్టు ఐక్యరాజ్యసమితి ప్రకటించింది, బోస్నియాలోని సారాయెవోలో పుట్టిన ఒక పసివాణ్ణి సమితి సెక్రటరీ జనరల్ కోఫీ అన్నన్ ఎత్తుకుని ఫోటో దిగాడు.

ఇక్కడికి ఐదు దాటిపోయాయి, ఆపెయ్యాలి. కానీ ఆపలేకపోయాను, ఎందుకంటే ఈ లోపల తుఫాన్లు తగలడం మొదలయ్యాయి.

1962 అక్టోబర్ 12న అమెరికా పడమటి తీరంలో, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల మీద పడిన గాలివానకి కొలంబస్ డే తుఫాను అనే పేరు. అంతకుముందు పసిఫిక్‌లో నీరసించిన ఫ్రీడా అనే టైఫూన్ (పసిఫిక్ తుఫానుకి అక్కడి పేరు) మిగులు అది. అడవులకి అడవులు నేల మీద పడుకున్నాయి. 1979లో అదే తేదీన పసిఫిక్ పడమటి భాగంలో టిప్ అనే టైఫూన్ కంట్లోకి, అంటే నడుమ గాలి ఆగిపోయే చోటికి, విమానం వెళ్ళి కొలిస్తే గాలి పీడనం 870 మిల్లీబార్లు, సముద్రమట్టంలో అంత తక్కువ ఇంకే తుఫానులోనూ నమోదు కాలేదు. అడ్డంగా 2,220 కిలోమీటర్లు ఉందట, అంటే కన్యాకుమారి నుంచి దాదాపు ఢిల్లీ దాకా ఒకటే మబ్బు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2019 అక్టోబర్ 12 సాయంత్రం హగిబిస్ అనే టైఫూన్ జపాన్‌ని కొట్టింది, ఆ రోజు రగ్బీ ప్రపంచకప్ మ్యాచ్‌లు కూడా రద్దు చేశారు. మన తిత్లీ ఒక్కరోజు తేడాలో, 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల, శ్రీకాకుళం మీద పడింది.

తేదీకి మహత్యం ఏమీ లేదు, నెలకి ఉంది. నైరుతి రుతుపవనాలు జోరుగా ఉన్నన్నాళ్ళూ పైగాలి ఒకవైపు, కిందిగాలి ఒకవైపు లాగుతుంటాయి కాబట్టి తుఫాను మేఘం నిటారుగా నిలబడలేదు. అవి తగ్గుముఖం పట్టే అక్టోబర్‌లో ఆ లాగుడు తగ్గుతుంది, బంగాళాఖాతం నీళ్ళ వేడి మాత్రం అలాగే ఉంటుంది. ఇంగ్లీషులో హరికేన్ అన్న మాట కూడా కొలంబస్ వెళ్ళిన ఆ దీవుల్లోని టైనో జనం భాషలోంచి వచ్చిందేనట.

2014 అక్టోబర్ 12, ఆదివారం, వైజాగ్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు వచ్చింది హుద్‌హుద్ తుఫాను. హుద్‌హుద్ అంటే అరబ్బీలో కూకుడు గువ్వ, ఒమన్ పెట్టిన పేరు. అంత చిన్న పిట్ట పేరు! మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య వైజాగ్ దగ్గరే తీరం దాటింది, గాలి గంటకి 170, 180 కిలోమీటర్లు.

అట్లతద్దికని పుట్టింటికొచ్చిన అక్క ఇంకా మా ఇంట్లోనే ఉంది, చంకలో ఏడాది పిల్ల. ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు. తెల్లారేసరికి కరెంటు లేదు. పదింటికి బాల్కనీ తలుపు గడియ ఊగడం మొదలైతే, డైనింగ్ టేబుల్ అడ్డం పెట్టి నేనూ నాన్నా వీపు ఆనించి కూర్చున్నాం. తలుపు మా వీపుల మీద ఊపిరి తీస్తున్నట్టు లోపలికీ బయటికీ ఆడేది. కిటికీ సందుల్లోంచి నీళ్ళు కారడం కాదు, అడ్డంగా చిమ్మాయి. పక్క మేడ మీది ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు ఎగిరి రోడ్డు మీద దొర్లుకుంటూ పోయింది. పక్కింటి ముసలమ్మ గోడ అవతల నుంచి "ఓలమ్మో, ఏటి గాలిది" అంటూనే ఉంది. తర్వాత ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. జనం బయటికొచ్చి ఫోన్లలో ఫోటోలు తీస్తున్నారు. నాన్న మాత్రం టేబుల్ జరపనివ్వలేదు, "ఇది కన్నురా, వెనక వస్తది" అన్నారు. అన్నట్టే రెండోసారి ఎదురు దిక్కు నుంచి వచ్చింది, ఎదురింటి బాదం చెట్టు ఈసారి ఆగలేదు.

అమ్మ ఆ గోలలోనే స్టవ్ మీద అట్లు పోసింది. అట్లతద్దికి రుబ్బిన పిండి మిగిలి పులిసిపోయింది, అదే మా ఆరోజు భోజనం. అందుకే ఆవిడ లెక్కలో హుద్‌హుద్ అక్టోబర్ 12న రాలేదు, అట్లతద్ది వెళ్ళాక వచ్చింది.

మర్నాడు కైలాసగిరి కొండ చూస్తే ఎవరో నిప్పు పెట్టినట్టు గోధుమరంగు, పచ్చటి ఆకు ఒక్కటి లేదు. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది. ఫోన్లు మూగబోయాయి. పిల్లకి పాల కోసం నేను పొద్దున్న ఐదింటికి పోయి గంటన్నర లైన్లో నిలబడితే అరలీటరు ప్యాకెట్ ఒక్కటి దొరికింది, రేటు రెట్టింపు. దాంట్లో నీళ్ళు కలిపి రెండు రోజులు నడిపాం.

పొద్దున్న ఐదు పాయింట్లు వాట్సాప్‌లో పెట్టాను: కొలంబస్, వోస్ఖోద్, ఒలింపిక్స్, సమాచార హక్కు, హుద్‌హుద్. పాల సంగతి కూడా కింద రాశాను, చదువుతుందో లేదో అని.

సాయంత్రం అదే ఫోన్ చేసింది. నాలుగు పాయింట్లు చదివిందట, ఐదోది మొదలుపెట్టి పాల దగ్గరికొచ్చేసరికి వెనకనున్న టీచరు ఒకావిడ "మా ఇంట్లో అయితే" అని అందుకుందట, ఆవిడ ఆపగానే పీఈటీ సారు, తర్వాత ఆయా, తర్వాత హెడ్‌మిస్ట్రెస్. ఫస్ట్ పీరియడ్ మొత్తం పోయిందట, అది లెక్కల క్లాసు. "మావయ్యా, నవంబర్లో ఇలాంటిది ఏదైనా ఉందా?" అని అడుగుతోంది.