పిల్లలతో వంట చేయడానికి ఒక పుస్తకం కోసం తిరిగాను

పిల్లల కోసం రాసిన వంటల పుస్తకం ఏది తెరిచినా మొదటి వంట కేకే. అంబాజీపేటలో మా ఇంట్లో ఓవెన్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. ఏప్రిల్ చివర్లో బడులు మూస్తే మళ్లీ జూన్ 12 దాకా పిల్లలిద్దరూ ఇంట్లోనే. అమ్మాయి నాలుగో తరగతి అయిపోయింది, పిల్లాడికి ఆరేళ్లు. మా ఆవిడ ఉద్యోగానికి అమలాపురం వెళ్లొస్తుంది. నాది కొబ్బరి వ్యాపారం, మధ్యాహ్నం దాటితే ఇంటిపట్టునే ఉంటాను. పిల్లల చేతిలో ఫోన్ లాక్కుంటే సరిపోదు, బదులుగా ఇంకేదైనా పెట్టాలి. వంటైతే చివర్లో తినడానికైనా ఏదో మిగులుతుంది కదా అనుకున్నాం.

నాకు వచ్చిన వంట అన్నం, చారు, ఆమ్లెట్. మా అమ్మకేమో అంతా చేతి లెక్క. "ఎంత వెయ్యాలి మామ్మా?" అని పిల్ల అడిగితే "చూసి వెయ్యవే" అంటుంది. మరి పుస్తకం లేకుండా ఎలా?

ముందు ఇంట్లో ఉన్నదే తీశాం. అమ్మ పెళ్లయిన కొత్తలో కొనుక్కున్నది, అట్ట ఊడిపోయింది. అందులో వంటలకు వంక పెట్టలేం గానీ, అది వంట వచ్చినవాళ్ల కోసం రాసిన పుస్తకం. వేయించడం, ఉప్పు వేయడం, పాకం ముదరకుండా దించడం అన్నీ ఒకే వాక్యంలో ఉంటాయి. ఎంతసేపు వేయించాలి, పాకం ముదిరిందని ఎలా తెలుస్తుంది అన్నది ఎక్కడా లేదు. కొలతలు సోలల్లో, గిద్దల్లో. అదొక్కటీ మాకు కలిసొచ్చింది. అమ్మ అటక మీంచి ఇత్తడి సోల, గిద్ద దింపించింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని పిల్లాడు నీళ్లు పోసి కొలుస్తూ కూర్చున్నాడు. వరండా అంతా తడి, లెక్క మాత్రం నోటికొచ్చేసింది.

తర్వాత రాజమండ్రి వెళ్లినప్పుడల్లా పుస్తకాల షాపుల్లో చూశాను, ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపించే పేజీలూ తిరగేశాను. విదేశీ పుస్తకాలు కళ్లు చెదిరేలా ఉన్నాయి. కాకపోతే సగం వంటలకు ఓవెన్ 180 డిగ్రీలకు వేడి చేయమంటాయి, మిగతా సగానికి మా సంతలో దొరకని సరుకులు కావాలి. చవకరకం తెలుగు పుస్తకాల్లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, బొమ్మలు అట్ట మీదే. పొయ్యి అక్కర్లేని వంటలంటూ ఇంకో రకం ఉంది. శాండ్‌విచ్, ఫ్రూట్ సలాడ్, బిస్కెట్లు పొడి చేసి చుట్టిన ఉండలు. చిన్నాడికి సరదాగానే ఉంటుంది గానీ, పెద్దది వారం తిరక్కుండానే "ఇది వంటేంటి నాన్నా" అనేసింది. దాని మాటతో నాకూ పేచీ లేదు.

ఎంచుకోవడానికి నాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే. పుస్తకం అమ్మాయి చేతికిచ్చి, ఒక వంట పైకి చదవమని, ఆ చేతలు ఉత్తుత్తిగా చేసి చూపించమనేవాణ్ని. ఎక్కడ ఆగి నా మొహం చూస్తుందో అక్కడ ఆ పుస్తకంలో లోటున్నట్టే. ఒక పుస్తకంలో సరుకుల జాబితాలో పెరుగుంది, తీరా చేసే పద్ధతిలో దాని ఊసే లేదు. ఇంకోదాంట్లో "పిండి కలపండి" దగ్గర ఆగింది, నీళ్లు ఎన్నో చెప్పలేదు. షాపతను మమ్మల్ని కాస్త విచిత్రంగానే చూశాడు లెండి.

చివరికి కొన్నది మన దేశంలో వేసిన ఇంగ్లిష్ పుస్తకం. ఇలాంటిది తెలుగులోనే దొరికితే బావుండేది, నేను చూసినవాటిలో కనిపించలేదు. స్పైరల్ బైండింగ్ కాబట్టి గట్టు మీద పెడితే దానంతటది మూసుకుపోదు. ఒక వంటకు ఎదురెదురుగా రెండు పేజీలు, తడి చేత్తో పేజీ తిప్పే పని లేదు. కప్పంటే 240 మిల్లీలీటర్లు, చిన్న చెంచా 5, పెద్ద చెంచా 15 అని మొదట్లోనే రాశారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు మామూలుగా 180 మాత్రమే. దాంతో రవ్వ కొలిచి, పెద్ద గ్లాసుతో నీళ్లు కొలిస్తే ఉప్మా జావైపోతుంది.

అన్నిటికంటే నాకు నచ్చింది, పెద్దవాళ్లు చేయాల్సిన పని పక్కన ఎర్ర చెయ్యి గుర్తుండటం. సున్నుండలే చూడండి. మినప్పప్పు సన్న సెగ మీద వేయించడం, మిక్సీ పట్టడం, నెయ్యి కాచడం నాకు. బెల్లం తురమడం, కలపడం, ఉండలు చుట్టడం వాళ్లకు. పని ముందే పంచేసి ఉంటే వంటింట్లో టెన్షన్ సగం తగ్గుతుంది. పాకం పట్టి చేసే కొబ్బరి లౌజుకైతే కొబ్బరి తురిమిన దగ్గర్నుంచి అంతా ఎర్ర చెయ్యే. మరిగే పాకం నీళ్లకంటే వేడిగా ఉంటుంది, పైగా ఒంటి మీద పడితే అంటుకుపోతుంది. చిన్నాడు స్టూలెక్కి దూరం నుంచి చూడ్డమే.

లోట్లు లేకపోలేదు. తీపి మరీ ఎక్కువ, పెన్సిల్‌తో బెల్లం తగ్గించి రాసుకుంటున్నాం. వేరుశెనగ గింజలు గింజలుగానే చల్లమన్నచోట పొడి అని దిద్దాను, మా చెల్లెలి కూతురికి మూడేళ్లు, గొంతులో అడ్డం పడితే ప్రమాదం. అమ్మకు ఇంగ్లిష్ రాదు. మనవరాలే చదివి తెలుగులో చెబుతుంది, అమ్మ మధ్యలో "అలా కాదే" అని అడ్డుపడుతుంది. ఆ వాదన అయ్యేలోపు నూనె కాగిపోతుంది, అందుకే ముందు చదవడం, తర్వాతే స్టవ్ వెలిగించడం అని రూలు పెట్టాను.

పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు, అదే పొట్టిక్కలు, అందులో లేవు. వెనక ఖాళీ పేజీల్లో అమ్మాయే రాసింది. నాలుగు పనసాకులు తొడిమెలు బయటికొచ్చేలా ఒకదాని అంచు మీద ఒకటి పేర్చి, ఈనె పుల్లతో కుట్టి బుట్టలా చేయాలి. పుల్ల ఆకు ఈనెకు మరీ దగ్గరగా గుచ్చితే ఆకు చీలుతుంది, అంచుకు గుచ్చితే ఊడొస్తుంది. ఆ మధ్యలో చోటెక్కడో చిన్నాడి వేళ్లకు ముందు తెలిసింది, అక్క కుట్టినవి కారుతుంటే వాడివి నిలిచాయి. ఇడ్లీ పిండి ముప్పావు వంతే పోసి, ఇడ్లీకంటే ఎక్కువసేపు ఉడకనివ్వాలి, ఆకు రంగు మారాలి. ఎర్ర చెయ్యి గుర్తు కూడా ఆవిరి గిన్నె మూత తీసే దగ్గర తనే వేసింది.

కేకు గొడవ మాత్రం తప్పలేదు, పిల్లాడు వదల్లేదు. ఈ పుస్తకంలో కుక్కర్‌లో చేసే పద్ధతి ఉంది. విజిలూ, రబ్బరూ తీసేసి, నీళ్లు పోయకుండా అడుగున ఉప్పు పరిచి, దాని మీద గిన్నె పెట్టడం. కేకు బాగానే పొంగింది, అడుగున కాస్త మాడువాసన. ఇంకో పుస్తకం కొనాల్సి వస్తే చేపలున్నది చూస్తాను. ఈ ఊళ్లో ఉంటూ ముల్లు తీసుకోవడం రాకపోతే ఎలా అని అమ్మ రోజూ సాధిస్తోంది.