అమ్మమ్మ చేతి మీద తేలు

ఈ ఉదయం బీపీ చూద్దామని అమ్మమ్మ చేతికి పట్టీ చుడుతుంటే, మోచేతికి కాస్త కింద, ముడతల్లో వంకర తిరిగిన తేలు పచ్చబొట్టు మళ్ళీ కంటబడింది. నోట్లో బెల్లంముక్క పెట్టి కూర్చోబెట్టారనీ, దీపం మసిలో ఏదో పసరు కలిపి సూదులతో పొడిచారనీ, ఆ బొమ్మ ఉంటే తేలు కుట్టదన్నారనీ ఆమె ఎప్పటిలాగే చెప్పింది.

మధ్యాహ్నమంతా, ఒళ్ళంతా పచ్చబొట్లతో అమెరికా సర్కసుల్లో నిలబడి బతికినవారి గురించి చదువుతూ కూర్చున్నాను. టిక్కెట్టు కొన్నవారికి బొమ్మలొక్కటే చాలేవి కావు, బలవంతంగా పొడిచారన్న కథ కూడా కావలసివచ్చేది. 1882లో న్యూయార్క్ ప్రదర్శనలకు వచ్చిన నోరా హిల్డెబ్రాండ్ట్, లకోటా తెగ నాయకుడు సిటింగ్ బుల్ మనుషులు తమను బంధించి, తండ్రి చేతనే తనకు రోజుకొకటి చొప్పున 365 బొమ్మలు పొడిపించారని చెప్పేది. నిజానికి ఆ తండ్రిగా చెప్పుకున్న మార్టిన్ న్యూయార్క్‌లో దుకాణం పెట్టుకుని పచ్చబొట్లు పొడిచే మనిషి.

ఆమె చెర కల్పితం కావచ్చు గాని, రెండు వందల ఏళ్ళ ముందు పచ్చబొట్లున్న జియోలీ అనే బానిసది కల్పితం కాదు. ఫిలిప్పీన్స్‌కు దక్షిణాన ఉన్న మియాంగిస్ దీవికి చెందిన ఇతన్నీ ఇతని తల్లినీ కొన్న మూడీ అనే వర్తకుడు 1690లో వారిని మద్రాసు కోటకు తెచ్చాడు. నావికుడు విలియం డాంపియర్ అతన్ని చూసింది అక్కడే; తర్వాత అతనిలో వాటాదారూ అయ్యాడు. సూదితో పొడిచి గుగ్గిలం పొడి రుద్దేవారనీ, తన బొమ్మలు తన భార్యల్లో ఒకరు వేసినవనీ జియోలీ చెప్పాడట. సుమత్రా దీవిలోని బెంకూలెన్‌లో తల్లి చనిపోయినప్పుడు, డాంపియర్ ఆమెను కొత్త గుడ్డలో చుట్టించినా జియోలీకి తృప్తి కలగక, ఆమె బట్టలన్నీ, మూడీ ఆమెకిచ్చిన రెండు కొత్త అద్దకపు గుడ్డలూ పైన చుట్టి, అవి అమ్మవి, ఆమెకే చెందాలన్నాడు. ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

1691లో లండన్ చేరాక డబ్బుకు కటకటలాడిన డాంపియర్ అతనిలో తన వాటా అమ్ముకున్నాడు. కొన్నవారు అతన్ని రాజకుమారుడని ప్రచారం చేసి, ఒంటి మీది ఆ రంగు ఉంటే ఏ విషప్పురుగు కాటూ పనిచేయదని కరపత్రం వేశారు. ఆక్స్‌ఫర్డ్‌లో మశూచి సోకి పోయాడు.

సాయంత్రం కాఫీ ఇస్తూ ఇదంతా అమ్మమ్మకు చెప్పి, మరి నీ తేలు పనిచేసిందా అని అడిగాను.

"ఆ మరుసటేడే పిడకల గూట్లో చెయ్యి పెడితే కుట్టిందే తల్లీ, అదీ ఈ చేతికే," అంది.