కొంపిరా మెట్లు: 785 దాటి 1368 దాకా

జపాన్ షికొకు దీవిలోని కగావాలో, జోజుసాన్ కొండ మీద కొతొహిరా గుడి ఉంది. జోజుసాన్ అంటే ఏనుగు తల కొండ. గుడిని జనం పిలిచేది మాత్రం కొంపిరా-సాన్ అనే. ఆ పేరుకు మూలం సంస్కృతంలోని కుంభీర. మన నిఘంటువుల్లో కుంభీరం అంటే మొసలి. ఓడలవాళ్లు తరతరాలుగా మొక్కే సముద్రపు దైవం ఇక్కడ కొలువై ఉంది.

చేరడం: తకమత్సు చిక్కో స్టేషన్ నుంచి కొతొదెన్ రైల్లో గంట. కొతొహిరాలో దిగి పావుగంట నడిస్తే మొదటి మెట్టు. దారిలోని దుకాణాల్లో చేతికర్ర అరువిస్తారు. వద్దనకండి, దాని విలువ దిగేటప్పుడు తెలుస్తుంది.

0–365: 113 దాకా దుకాణాల వీధే. అసలు నిటారు ఎక్కుడు ఆ తర్వాత, ఒమోన్ ద్వారం (365) వరకు. ఎక్కువమంది అలిసిపోయేది ఇక్కడే. ఒళ్లు వేడెక్కకముందే గబగబా ఎక్కేస్తే ఊపిరి అందదు, పిక్కలు పట్టేస్తాయి. పక్కమనిషితో మాట్లాడగలిగేంత వేగం చాలు. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు 1368 పెద్ద లెక్కేమీ కాదు. అయితే అక్కడిలా దారి పొడవునా పైకప్పు ఉండదు, ఎండకు టోపీ తప్పదు. చెప్పులు విప్పక్కర్లేదు, అడుగు జారని బూట్లతోనే నడవొచ్చు.

ఒమోన్ లోపల పెద్ద తెల్ల గొడుగుల కింద మిఠాయి అమ్ముతారు. గుడి ఆవరణలో అమ్ముకునే హక్కు పూర్వం నుంచి ఐదు కుటుంబాలదే. చిన్న సుత్తితో పగలగొట్టుకుని తినే ఆ చక్కెర బిళ్ల పై మెట్లకు బాగా పనికొస్తుంది. ఇంకొంచెం పైన మెడలో సంచీతో కుక్క బొమ్మ కనిపిస్తుంది. జపాన్ ఎదో యుగంలో (1603–1868) రాలేని యజమాని తన బదులు కుక్కను యాత్రకు పంపేవాడు. దారిన పోయేవాళ్లే దానికి తిండిపెట్టి గుడికి చేర్చేవాళ్లు. ఈ కొండ మీద ఇంతకంటే మనసుకు హత్తుకునే బొమ్మ లేదు.

628: అసాహి మందిరం, 1837 నాటిది. చెక్కడాలు ఎంత ఘనంగా ఉంటాయంటే ఇదే అసలు గుడి అనుకుని వెనుదిరిగినవాళ్ల కథలు జపాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంకా 157 మెట్లున్నాయి.

785: ప్రధాన ఆలయం, 251 మీటర్ల ఎత్తు. నిజానికి ఎక్కే మెట్లు 786. ఆ అంకెలను జపనీస్‌లో కలిపి పలికితే 'నయము', అంటే వేదన పడటం. అందుకే దారిలో ఒక మెట్టు కిందికి దించి లెక్క 785 చేశారని చెబుతారు. తెలుగులో నయం అంటే సరిగ్గా దానికి ఎదురు అర్థం! ఇక్కడి నుంచి సనుకి (కగావా పాత పేరు) మైదానం, నున్నగా తీర్చినట్టుండే ఈనో కొండ కనిపిస్తాయి. ఆగకుండా వస్తే కింద నుంచి ఇక్కడికి సుమారు అరగంట.

785–1368: చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కానీ కొండ నడక అనదగ్గది మిగిలిన 583 మెట్లే. చెట్ల నీడ, తక్కువ జనం, మధ్యమధ్య చదును దారి. నీళ్లు ముందే నింపుకోవాలి. 923 దగ్గర షిరమినె మందిరం, రాజధాని నుంచి వెలివేస్తే సనుకికి వచ్చి ఆ ప్రాంతంలోనే కన్నుమూసిన 12వ శతాబ్దపు సుతోకు చక్రవర్తిది. ఇంకో అరగంటకు పై గుడి, 421 మీటర్లు. పక్కనున్న కొండరాతి మీద తెంగు (జపాన్ కథల్లోని పొడుగు ముక్కు కొండ దయ్యం) ముఖాల చెక్కడం ఉంది. తల బాగా పైకెత్తి చూడకపోతే కనబడదు. తెంగు రక్షరేకు ఇక్కడే దొరుకుతుంది. సాయంత్రానికి కౌంటర్ మూస్తారు కాబట్టి ఉదయమే బయలుదేరాలి.

దిగడం: మోకాళ్లకు అసలు పరీక్ష ఇదే. రాతిమెట్ల వెడల్పు ఒకేలా ఉండదు, వాన పడితే జారుతాయి. ముందు కర్ర కింది మెట్టు మీద ఆనించి, తర్వాతే కాలు దించాలి. ప్రధాన ఆలయం నుంచి దిగే దారి వేరు, అది అసాహి మందిరం దగ్గర కలుస్తుంది. రానూపోనూ రెండున్నర గంటలు పెట్టుకుంటే తొందరపడక్కర్లేదు. కర్ర ఏ దుకాణంలో తీసుకున్నారో ఎక్కేముందే గుర్తుపెట్టుకోండి, తిరిగివ్వాల్సింది అక్కడే.